గొర్రెల ఫోటోలో పడుకున్నవాళ్లు

మా జిల్లా మ్యూజియంలో ఉల్బికె ఇరవై ఆరేళ్లుగా ఫోటోల పని చేస్తోంది. పాత ఫోటోలు ఇంటర్నెట్‌లోకి ఎక్కించాలి, ఒక్కోదాన్నీ ఒక్కో విభాగంలో వేయాలి. పంటలు, పశువులు, పండుగలు, ఆటలు. ఒక ఫోటోకి ఒకటే విభాగం. డెబ్బై ఏళ్ల కిందటి నియమం అది. ఆ నియమం పెట్టినవాళ్లకు మనుషులతో పనిలేదు, గొర్రెలెన్నో తెలిస్తే చాలు.

నిరుడు ట్యాగులొచ్చాయి. ఊళ్లవాళ్లెవరైనా ఫోటో కింద తమకు తోచిన మాట తగిలించవచ్చు, ఎన్నయినా. ఆ మాటతో వెతికితే ఆ ఫోటో దొరుకుతుంది. డైరెక్టర్ ఎర్మెక్‌కు అది నచ్చలేదు.

ఉల్బికె అత్తగారికి ఎనభై రెండేళ్లు, రక్తంలో జబ్బు. మా స్టెప్పీ గడ్డిమైదానంలో అణుబాంబులు పేల్చి చూసిన రోజుల్లో ఇక్కడే ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటేనే నగరంలో వైద్యం ఉచితం. ఊరి ఇళ్ల రిజిస్టర్లో ఆ ఏటి పుటలు లేవు. ఎవరు చింపారో ఎవరూ అడగరు. "మ్యూజియం ఫోటో ఉన్నా చాలు. కానీ పేరుతో వెతికితే రావాలి" అన్నాడు ధ్రువపత్రాలిచ్చే ఆఫీసు గుమాస్తా. పేరు కొట్టి చూశాడు. ఏమీ రాలేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఉల్బికె పక్క బల్ల దగ్గర పనిచేసే నన్ను పిలిచింది. కిటికీ అవతల తెల్లటి నేల తప్ప ఏమీ లేదు.

"జాదిరా, ఇందులో నీకు మనుషులు కనిపిస్తున్నారా?"

పశువుల విభాగంలోని ఫోటో. 1956, ఉల్బికె అత్తగారి ఊరి గొర్రెల లెక్క. ముందు మంద, వెనక దున్నినట్టున్న బోడి నేల. మనిషన్నవాడు లేడు. కింద మాత్రం తొమ్మిది ట్యాగులు. 'తెల్లబుగ్గల అత్త'. 'ఉంగరాల జుట్టాయన'. 'పెద్దింటి మామ'. తొమ్మిది ఇళ్ల నుంచి, తొమ్మిది వేర్వేరు రోజుల్లో వచ్చినవి.

"దయ్యాలు కూడా ఫోన్లు కొనుక్కున్నాయేమిటే?" అన్నాను.

"నవ్వకు. మొదటిది నేనే పెట్టాను. టీ తాగుతూ అత్తమ్మ ఆ ఖాళీ నేల మీద వేలు పెట్టి 'ఇదిగో నేను' అంది. మతి తప్పిందనుకున్నా. ఆవిడ మనసు కష్టపెట్టడమెందుకని రాశా. అది చూసి మిగతా ఇళ్లవాళ్లూ తమ పెద్దల్ని వెతుక్కున్నట్టున్నారు."

ఫోటోను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. మంద వెనక నాగలి చాళ్లనుకున్నవి చాళ్లు కావు. మనుషులు. బోర్లా, వరసగా, తలల మీద చేతులు పెట్టుకుని. మంద మాత్రం కెమెరా వైపే చూస్తోంది.

నా టీ పక్కన పెట్టి తెర దగ్గరికి వంగాను.

మా వైపు కోడళ్లు మెట్టినింటి పెద్దల పేర్లు పలకరు, రాయరు. కాపురానికొచ్చిన వారంలోనే ఒక్కొక్కరికీ ఒక మారుపేరు కట్టుకుంటారు. అందుకే తొమ్మిదిమంది కోడళ్లూ మారుపేర్లే తగిలించారు. గుమాస్తాకు ఏమీ దొరకలేదంటే దొరకదు మరి. అసలు పేర్లు రాసేవాళ్లెవరు?

ఎర్మెక్ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "సోమవారం ఈ ట్యాగులన్నీ తీసేస్తున్నా. తెల్లబుగ్గలేమిటి, జుట్టేమిటి! విభాగాలుంటే పద్ధతిగా ఉంటుంది."

"పద్ధతిగా ఉండబట్టే అరవై ఏళ్లు మనుషులు గొర్రెల్లో పడి ఉన్నారు సార్" అన్నాను. ఆయన ఫోటో వంక చూశాడు. సోమవారం మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

శుక్రవారం ఉల్బికె అత్తగారిని తీసుకొచ్చింది. పేరు కొట్టబోయి వేళ్లు వెనక్కి తీసుకుంది. ముప్పై ఏళ్లుగా నోట రాని పేరు.

"నువ్వు కొట్టవే జాదిరా."

"నేను కొడితే సాక్షి సంతకం నాదవుతుంది. నాది కాని ఊరికి నేను సాక్షినా?"

ముసలావిడ కర్రతో నేల మీద కొట్టింది. "ఏమే కోడలా, నాకు మర్యాద చేస్తున్నావా, పాతిపెడుతున్నావా? ఆ రోజు బాంబు పేల్చేముందు యూనిఫారాలవాళ్లు ఇళ్లలోంచి బయటకు రమ్మన్నారు, బోర్లా పడుకోమన్నారు, చెప్పిందాకా లేవొద్దన్నారు. నేనింకా లేవలేదే. కొట్టు."

"నోరు రావట్లేదు అత్తమ్మా."

"నోటితో ఎవరు కొట్టమన్నారు? వేళ్లున్నాయిగా!"

ఉల్బికె కళ్లు మూసుకుని కొట్టింది. కాలిమాష్. మ్యూజియం ఉద్యోగిగా తన సంతకం చేర్చింది. తర్వాత ఆ పేరుతోనే వెతికింది. గొర్రెలు వచ్చాయి, వాటి వెనక ఆవిడ.

"ఊఁ" అంది కాలిమాష్. "సన్నగానే ఉన్నాను."

సోమవారం ఎర్మెక్ ఆ ఫోటో జోలికి పోలేదు. ఇరవై రోజులకు ధ్రువపత్రం వచ్చింది. ఆ కబురు విని మిగతా కోడళ్లూ వచ్చారు. కొందరు పలకలేక చీటీల మీద రాసిచ్చారు, ఒకామె గోడవైపు తిరిగి చెప్పింది. తొమ్మిది పేర్లు ఎక్కాయి.

పడుకున్నవాళ్లు పదకొండుమంది. చివరి ఇద్దరి దగ్గర ఎవరూ ఏ మాటా పెట్టలేదు. వాళ్లలో ఒకరు చాలా చిన్న మనిషి. ఉల్బికె ఊరంతా తిరిగి అడిగింది. ఆ ఇళ్లలో కోడళ్లు మిగల్లేదు, ఇళ్లూ లేవు.