ఎర్రదానికి తెలుగు రాదు

"వారం రోజులు చూడు చెల్లే. కుదరకుంటే నేనొచ్చి తీస్కపోత," అంది మా అక్క ఆటో దిగుతూనే. ఆమె చేతిలో తాడు, తాడు చివర ఒక ఎర్ర కుక్క. బావ పోయాక అక్క రాయచూరులో ఇల్లు ఖాళీ చేసి అద్దె గదిలోకి మారింది. ఆ ఇంటి ఓనరు కుక్క వద్దన్నాడట. తీసుకుపోయి ఎక్కడ పెడతావని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. రోడ్డు మీద వదలడమేనని ఇద్దరికీ తెలుసు.

గద్వాలలో మా ఇంట్లో అప్పటికే ఒక కుక్క ఉంది. నల్లగా ఉంటుంది కాబట్టి కర్రెది అంటాం. ఎనిమిదేళ్లుగా మా గల్లీకి తానే పెద్ద అనుకుంటుంది. కొత్తదాన్ని చూడగానే మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, గొలుసు తెంపుకునేంత పని చేసింది. మా ఆయన లారీ మీద నాగపూర్ పోయి ఉన్నాడు. ఫోనులో ఒక వీడియో చూస్తే, రెండు కుక్కలకు పరిచయం చెయ్యాలంటే ఇద్దరు మనుషులుండాలట, ఎవరిదీ కాని చోట కలపాలట. నేనున్నది ఒక్కదాన్ని. ఇక ఎవరిదీ కాని చోటంటారా, మా గల్లీలో కర్రెది తడపని స్తంభమే లేదు!

ఒకదాన్ని ముందు వాకిట్లో, ఇంకోదాన్ని పెరట్లో కట్టేశాను. ఒకటి పడుకున్న గోనెసంచి ఇంకోదాని కింద పరిచాను, వాసన అలవాటవుతుందని. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏందే, ఇంట్ల ఇద్దరు సవతులను కట్టేసుకున్నవ్?" అని ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండింది. "నవ్వుడు కాదు పెద్దమ్మా, వచ్చి ఒక తాడు పట్టరాదు?" అన్నాను. మనిషి మాయం.

మూడో రోజు పొద్దున రెండూ కాస్త మెత్తబడ్డాయనిపించి వాకిట్లో విప్పాను. చేతిలో జొన్నరొట్టె ఉందన్న సంగతే మరిచాను. ముక్క కింద పడింది. రెండూ దూకాయి. ఎర్రది కర్రెదాని చెవి నోట పట్టింది.

"ఇడి! ఇడిసిపెట్టు! ఇడిసిపెట్టవే!" అని గొంతు చించుకున్నాను. నేనెంత అరిస్తే అది అంత గట్టిగా పట్టింది. చివరికి బకెట్టెడు నీళ్లు గుమ్మరిస్తే వదిలింది. కోపం పట్టలేక చీపురు తిరగేసి దాని వీపున రెండు వేశాను. అది తప్పించుకోలేదు. అయోమయంగా నన్నే చూస్తూ నిలబడింది.

ఎర్రదాన్ని పెరట్లోకి తోలి, కర్రెదాని చెవికి పసుపు అద్ది, వెంటనే అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, నీ కుక్క నా కుక్క పాణం తీస్తది. రేపే వచ్చి తీస్కపో."

"సరే తియ్. వస్త," అంది మెల్లగా. తర్వాత, "గద్దిస్తే వింటది గద చెల్లే. ఏమన్నవ్ దాన్ని?" అని అడిగింది.

"ఏమంట? ఇడి, ఇడిసిపెట్టు అని మొత్తుకున్న."

"అయ్యో నా తల్లీ! ఈడ కన్నడంల హిడి, ఇడి అంటే పట్టుకో అని. పందికొక్కు కనవడితే నేను గట్లనే అంటుంటి. నువ్వు పట్టు పట్టు అంటుంటే అది పట్టింది. దానికి తెలుగు యాడొస్తది?"

"మరి వదలమనాల్నంటే?"

"బిడు అను."

ఫోన్ పెట్టేసి పెరట్లోకి పోయాను. చెప్పిన మాట విన్నందుకు చీపురు దెబ్బలు తిన్న జీవం నీళ్లు కారుతూ మూలకు నక్కి ఉంది. నాకు ఏడుపాగలేదు. దాని ముందు కూలబడి, వచ్చిన రెండు కన్నడ ముక్కల్లో ఒకటి, రమ్మనే మాట, అన్నాను. "బా." పాకుతూ వచ్చి నా మోకాలి మీద మూతి పెట్టింది.

ఆ సాయంత్రమే అక్కకు చెప్పాను, అనుకున్న వారం గడవనీ అని. మర్నాటి నుంచి రెంటినీ ఊరి బయట చేనుదాకా నడిపించాను, కుడి చేతిలో ఒక తాడు, ఎడమ చేతిలో ఒకటి. గుర్రుమంటే చాలు "బిడు" అనేదాన్ని. ఎర్రది ఠక్కున ఆగేది. ఎదుటిది ఆగితే ఏం చెయ్యాలో కర్రెదానికి తెలిసేది కాదు. అయిదో రోజు కర్రెది ఎర్రదాని తోక వాసన చూసింది. ఆరో రోజు ఒకే నీడలో, బారెడు దూరంలో పడుకున్నాయి. స్నేహమని చెప్పను. కర్రెది మధ్య మధ్య ఒక కన్ను తెరిచి చూసేది.

ఏడో రోజు అక్క ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది. "చెల్లే, రేపు పొద్దుగాల బస్సుకొస్త. ఈడ రోడ్డు మీద ఒక హోటలాయన్ని అడిగిన. మిగిలింది ఏస్తనన్నడు. ఆడనే పడి ఉంటది తియ్."

నా కోపం నషాలానికెక్కింది. "ఎవర్నడిగి మాటిచ్చినవక్కా? నా కుక్కను హోటలోడికి అప్పజెప్పెటందుకు నువ్వెవరు?"

"నీ కుక్కనా?" అంది అక్క. ముక్కు చీదింది. "ఇంకొక్కపారి అను చెల్లే."

మళ్లీ అన్నాను.