పాకాల అక్క రెండోసారి నొక్కినప్పుడు

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి తన కంప్యూటరు ముందు కూర్చుని, "ఏంది సార్ ఇది, ఒగసారి ఉండాదంటాది, ఇంగోసారి లేదంటాది, అచ్చం మా అత్త మాదిరి" అని గట్టిగా నవ్వితే, చుట్టూ ఉన్నవాళ్ళంతా లేచి వెళ్ళి, ఐదు నిమిషాల్లో తప్పు పట్టుకుని, తామూ నవ్వుకుంటూ ఎవరి సీట్లకు వాళ్ళు వచ్చేశారు. నేను మాత్రం లేవలేకపోయాను. చూడకుండానే అది ఏ తప్పో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట తిరుపతిలో అదే తప్పు నేను చేసి, దాన్ని ఒక మనిషి చేతుల మీదికి నెట్టాను. ఆ తర్వాత ఆ సంగతి ఎక్కడ చెప్పినా, ఆమెకు టైపు సరిగా వచ్చేది కాదనే చెప్పుకొచ్చాను. అది నిజం కాదు.

అప్పట్లో బస్టాండు దగ్గర, చెప్పుల కొట్టు పైన ఉన్న ఒకే ఒక గది మా ఆఫీసు. కాలేజీ సీట్ల కోసం పిల్లలు చేత్తో నింపిన దరఖాస్తులను కంప్యూటరులోకి ఎక్కించడం అక్కడి పని. మన వయసు వాళ్ళకు ఆ దరఖాస్తులు గుర్తుండే ఉంటాయి, జిగురు ఎక్కువై అంచులు లేచిన ఫోటోలు, కొట్టేసి మళ్ళీ రాసిన పుట్టిన తేదీలు. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోతాయని, ఎండాకాలంలో కూడా వేయనిచ్చేవాళ్ళు కాదు. టైపు చేసేవాళ్ళు ముగ్గురు. ప్రోగ్రాము రాసేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, చిత్తూరు నుంచి వచ్చిన కుర్రవాణ్ణయినా, నా మాటకు అక్కడ ఎదురుండేది కాదు.

ఆ ముగ్గురిలో ఒకామె రోజూ పాకాల నుంచి రైల్లో వచ్చేది. నలభై దాటిన ముస్లిం ఆవిడ, దర్జీల ఇంటి ఆడబిడ్డ. అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. వాళ్ళ వీధిలో ఆఫీసుకు వెళ్ళిన మొదటి ఆడమనిషి ఆమేనని, పనిలో ఒక్క మాట పడినా ఇక ఇంట్లోనే కూర్చోవాలని వాళ్ళన్న ముందే షరతు పెట్టి పంపాడని, మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పుకుంటూ నవ్వుతూనే చెప్పింది. ఇంట్లో గుడ్డ కత్తిరించే ముందు టేపు రెండుసార్లు పెట్టి కొలవడం అలవాటై, ఇక్కడా ప్రతి పనీ రెండుసార్లు సరిచూసుకునేది.

దరఖాస్తు నంబరు సరైన తీరులో ఉందో లేదో, అంటే రెండు ఇంగ్లీషు అక్షరాలూ ఐదు అంకెలూ ఉన్నాయో లేదో చూడడానికి నేను ఒక మీట పెట్టాను. దాని వెనక పని చేసేదాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. ఫలానా రూపంలో ఉన్న మాట కావాలని ముందే చెప్పి పెడితే, అది వెతికి ఉందో లేదో చెబుతుంది. ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. పేజీ తెరుచుకున్నప్పుడు దాన్ని ఒక్కసారే తయారు చేసి, ఎన్నిసార్లు నొక్కినా దాన్నే వాడుకునేలా రాసి, నా తెలివికి నేనే మురిసిపోయాను. పైగా చివర 'జి' అనే అక్షరం ఒకటి అవసరం లేకుండా తగిలించాను. ఆ అక్షరం ఉంటే అది ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి అడిగితే మొదటి నుంచి కాకుండా ఆగిన చోటు నుంచి వెతుకుతుంది. అక్కడ ఏమీ మిగలదు కనుక లేదంటుంది. లేదన్నాక ఆ గుర్తు చెరిగిపోయి, మూడోసారి మళ్ళీ ఉందంటుంది.

మిగతా ఇద్దరూ ఒక్కసారి నొక్కి, దరఖాస్తును కంప్యూటరులో సేవ్ చేసేసేవాళ్ళు. సేవ్ కాగానే పేజీ కొత్తగా తెరుచుకునేది కాబట్టి వాళ్ళకు ఎరుపు అన్నదే తెలియదు. అక్క రెండుసార్లు నొక్కేది. ఎర్రబడితే నంబరు చెరిపి, కాగితం మీద వేలు పెట్టుకుని మళ్ళీ కొట్టేది. ఆకుపచ్చ వచ్చేది. మనసు ఒప్పక ఇంకోసారి నొక్కేది. ఎరుపు. వరసగా రెండు ఆకుపచ్చలు చూస్తే గాని ఆమెకు నమ్మకం కుదరదు, ఆ రెండు ఎన్నటికీ రావు. చివరికి విసిగి ఒక్క ఆకుపచ్చతోనే సేవ్ చేసేది. వాళ్ళు వంద పూర్తి చేసేసరికి ఆమె ముప్ఫై దగ్గర చెమటలు కక్కుతూ ఉండేది.

నాతో చెప్పింది. నేను వెళ్ళి నంబరు కొట్టి, ఒక్కసారే నొక్కి, బాగానే ఉంది కదక్కా అన్నాను. నంబరు చివర నీకు తెలియకుండా ఖాళీ ఒకటి కొడుతున్నావని కూడా అన్నాను. కంటికి కనబడని ఖాళీ! లేదని ఆమె ఎలా చూపించగలదు? ఆఫీసు నడిపే పెద్దాయనకూ అదే చెప్పాను. పది రోజులు అందరి ముందూ అదే మాట. చివరికి ఒక శుక్రవారం ఆయన ఆమెను పిలిచి, సోమవారం నుంచి రావద్దన్నాడు.

శనివారం పొద్దున ఆమె రైలు రాకముందే నేను ఎందుకో ఆమె సీట్లో కూర్చున్నాను. రెండుసార్లు నొక్కాను. ఆకుపచ్చ, ఆ వెంటనే ఎరుపు. ఆ అక్షరం తీసేశాను, ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు మధ్యాహ్నానికల్లా అక్క మిగతా ఇద్దరినీ దాటిపోయింది. పెద్దాయన వచ్చి చూసి, ఇదేంది అన్నట్టు నా వైపు తిరిగితే, నేను చెప్పినాక ఖాళీలు కొట్టడం మానేసిందన్నాను.

"ఆ మానుకునేదేదో ముందే మానుకోని ఉంటే సరిపోయేది గదప్పా. ఆ సీటుకు ఇంగో పాపను మాట్లాడేసినా" అని ఆయన వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆమె టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "ఈపొద్దు రెండుతూర్లూ సరే అంటా ఉండాది తమ్ముడూ. నువ్వేమన్నా చేసినావా?"

"నేనేం చేయలేదక్కా" అన్నాను.

ఆమె సంచి భుజానికి తగిలించుకుని, "అట్లయితే నా చేతులదే తప్పులే" అని మెట్లు దిగిపోయింది.

నిజం చెప్పాలంటే ఉద్యోగం పోతుందన్న భయం కూడా నాకు లేదు. పది రోజులు అన్న మాట వెనక్కి తీసుకోవడానికి సిగ్గు, అంతే. ఆ సిగ్గులోంచి బయటికి వచ్చే దారి ఇన్నేళ్ళుగా దొరకలేదు. కొన్నేళ్ళ తర్వాత చెప్పేద్దామనే పాకాలలో దిగాను. దర్జీ కొట్లో వాళ్ళన్న మిషను తొక్కుతున్నాడు. అక్క బాగుందా అని అడిగితే, తల ఎత్తకుండా, "యాడికి పోతాది, ఇంట్లోనే ఉండాది" అన్నాడు. వేసుకున్న చొక్కాకు ఊడిన గుండీ ఒకటి కుట్టించుకుని, తర్వాతి రైలుకు వచ్చేశాను.

ఇప్పుడు మా ఆఫీసుల్లో ఎవరు ఏ అక్షరం చేర్చారో, ఎవరు తీసేశారో, ఏ నిమిషంలో తీసేశారో అంతా దానంతటదే నమోదై ఉంటుంది. ఏదన్నా తేడా వస్తే ముందు అదే తీసి చూస్తారు, మనిషి చేతులను అనుమానించరు. ఆ రోజుల్లో మా దగ్గర అలాంటి ఏర్పాటు లేదు. ఉండి ఉంటే, ఆ శనివారం తిరుపతిలో తెల్లవారగానే ఒక అక్షరం పోయిందనీ, తీసింది నేననీ అందులో ఉండేది, అక్క సోమవారం మళ్ళీ రైలెక్కేది. అందులో లేనిది ఇక్కడ రాశాను. అక్క చేతుల్లో ఏ తప్పూ లేదు.