ఇంకొక్క ముద్ద

తూకాలావిడకి నోరు ఆగదు. ఆమెకున్న జబ్బల్లా అదే.

పిల్లలేం తింటున్నారో తల్లుల్ని అడిగి రాసుకోవడం, తర్వాత ఓ రోజంతా ఆ ఇంట్లోనే ఉండి పిల్లల కంచాన్ని తినకముందోసారి, తిన్నాకోసారి తూచడం ఆమె పని. తల్లి మాటకీ తూకానికీ తేడా చూస్తేనే ఆ జవాబుల్ని ఎంతవరకు నమ్మొచ్చో తేలుతుంది. తల్లులేమైనా తక్కువవాళ్లా! పాలంటే గ్లాసు నిండా అంటారు. చిరుతిళ్ల మాటెత్తితే "అబ్బే, మా ఇంట్లో ఆ అలవాటే లేదండీ" అంటారు. తూచే మనిషి మాత్రం నోరు మెదపకూడదు.

ఆవిడ మెదుపుతుంది. పిల్లలు కంచంలో కెలుకుతూ కూర్చుంటే చూడలేదు పాపం. "ఇంకొక్క ముద్ద, మా బంగారుకొండవి కదూ!" అనేస్తుంది. వాళ్లు తినేస్తారు. లెక్క కాస్తా తలకిందులవుతుంది.

ఆమెకూ ఏడేళ్ల కూతురుంది. భర్త పోయాక, ఊళ్లు తిరిగే ఉద్యోగం కదా అని పిల్లని అక్క దగ్గర ఉంచింది. అక్కకి వంక పెట్టడానికి లేదు. అయినా ఇంటింటా కంచాలు చూస్తుంటే, తన పిల్ల కంచం చూసి ఎన్నాళ్లయిందోనని లెక్కపెట్టుకుంటుంది.

మొన్న పై అధికారి గట్టిగానే తలంటాడు.

"మీరు కూర్చున్న ఇళ్లల్లోనే పిల్లలు అంత తింటారేంటండీ? మిగిలిన ఈ ఒక్క ఇల్లూ సరిగ్గా చేయండి. ఆఫీసులో కుర్చీ ఉద్యోగం మీకే ఇప్పిస్తా."

కుర్చీ ఉద్యోగమంటే ఒకే ఊళ్లో ఉండొచ్చు. కూతుర్ని తెచ్చుకోవచ్చు!

ఆ చివరి ఇంట్లో ఆవిడ పళ్ల బిగువున కూర్చుంది. అక్కడి చిన్నది రెండు ముద్దలు తిని, ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఈమె వంక చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. కంచం పక్కకి నెట్టేసింది. ఆవిడ మిగిలింది తూచి, రాసుకుని, బయటికొచ్చి కూతురికి ఫోన్ చేసింది.

"ఏం తిన్నావే?"

"అన్నీ తిన్నానమ్మా."

ఆ గొంతు ఆమె ఎన్ని ఇళ్లల్లో వినలేదు!

"కంచంలో ఎంత మిగిలిందమ్మా?"



"సగం. పెద్దమ్మ బతిమాలింది. నువ్వు పక్కన కూర్చుంటే తినేదాన్ని."

"కంచం తెచ్చుకో. నేను ఫోన్లోనే ఉంటా. ఊఁ, ఇంకొక్క ముద్ద, మా బంగారుకొండవి కదూ!"

పొద్దుట్నుంచీ బిగబట్టిన మాటలన్నీ వీధి మెట్ల మీద కూర్చుని అనేసింది.

"అయిపోయిందమ్మా, కంచం ఖాళీ!"

ఏ తల్లి మాటా తూచకుండా నమ్మని మనిషి, ఆ మాట నమ్మేసి, కళ్లు తుడుచుకుంది.