నాయిన చూపుడువేలి నరం

తొంభైల మొదట్లో, నేను హైదరాబాదులో జీవరసాయనశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు, కోస్గి దగ్గరి మా ఊళ్లో నాయిన మణికట్టు తెగింది. గొర్రెల బొచ్చు కత్తిరించే పెద్ద కత్తెర దిగింది. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు తెగిన నరాన్ని కలిపి కుట్టాడు గానీ, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారిపోయాయి. నాయినకు కళ్లకన్నా వేళ్లమీదే నమ్మకం. బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి ఏ గొర్రెకు పిడుదులు పట్టాయో, ఏది సూడిదో చెప్పేవాడు. స్పర్శ లేని చేతులతో మందను కాయలేనని, వచ్చే కత్తిరింపు కాగానే అంగడిలో అమ్మేస్తానన్నాడు. మంద లేని నాయినను ఊహించుకోలేక నాకు ఒళ్లు మండిపోయింది.

తప్పూ ఆయనదే. మా దిక్కు కాపరులు ఎవరి మందకు వాళ్లు కత్తెర పట్టరు. సొంత గొర్రె అయితే బొచ్చు మీద ఆశకొద్దీ చర్మం దాకా పోతారని పెద్దల భయం. మా మందకు చిన్నాయిన, చిన్నాయిన మందకు నాయిన, అదీ వరస. ఆ ఏడు ఇద్దరికీ పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగింది. నాయిన పంతానికి పోయి తన మందకు తనే ఒక్కడూ కత్తెర పట్టాడు. పట్టుకునే మనిషి లేక పొట్టేలు తన్నింది.

సెలవులకు నేను జిరాక్సు కాయితాల కట్ట మోసుకొచ్చాను. నరాలను పెంచే ఒక ప్రోటీను, దాన్ని అందుకునే గ్రాహకాలు. చదువుతుంటే తిండి మీద ధ్యాస ఉండేది కాదు! నరం తెగితే చుట్టూ ఉన్న కణాలు ఆ ప్రోటీన్ని వదులుతాయి. నరం పైపొర మీది గ్రాహకాలకు అది తగలగానే, రెండు గ్రాహకాలు దగ్గరికి జరుగుతాయి. కణం లోపలివైపున్న వాటి తోకలకు ఫాస్ఫేటు అతుక్కుంటుంది. ఆ గుర్తు పట్టుకుని వేరే ప్రోటీన్లు చేరి, ఒకదాన్నొకటి తట్టిలేపుతూ కబురును కేంద్రకం దాకా మోస్తాయి. అప్పుడు నరం కొస ముందుకు పాకుతుంది.

ఒక్కటే నాకు అంతుపట్టలేదు. తన తోకకు తనే ఫాస్ఫేటు పెట్టుకోక, గ్రాహకానికి రెండోదాని తోడు దేనికి? ఇదంతా మా ఇంటి మాటల్లోకి మార్చి నాయినను అడిగాను. ఆయన తన చెయ్యి నా ముందుకు చాపాడు.

"ఎవని మందకు వాడే కత్తెర పడితే ఏమైతదో గీ చెయ్యి చూడు. అవి ఒకదానిది ఒకటి చేసుకుంటయి గావొచ్చు బిడ్డా."

గబగబా పేజీలు తిప్పాను. అచ్చం అదే రాసి ఉంది! ఇది దాని తోకకు, అది దీని తోకకు. మూడుసార్లు చదివి కూడా నేను దాటేసిన వాక్యం. ఆనందం పట్టలేక నాయిన భుజాలు పట్టుకుని ఊపేశాను. ఆయన మాత్రం నవ్వలేదు. తెల్లారి చిన్నాయిన ఇంటికి వెళ్లాడు.

డాక్టరు చెప్పినట్టు నేను రోజూ మణికట్టు నుంచి పెన్సిలుతో తడుతూ వచ్చేదాన్ని. ఎక్కడ జిల్లుమంటే అక్కడిదాకా నరం వచ్చినట్టు. సెలవులయ్యేసరికి చూపుడువేలి నడిమి కణుపు చేరింది. కొసదాకా వస్తుందని నా కాయితాల్లో ఎక్కడా లేదు. అవి గాజుగిన్నెల్లో పెంచిన కణాల సంగతులు.

నెలన్నరకు కత్తిరింపు వచ్చింది. క్లాసులు ఎగ్గొట్టి వచ్చేశాను. చిన్నాయిన కత్తెర పట్టాడు, నాయిన గొర్రె కాళ్లు పట్టుకున్నాడు. నాలుగో గొర్రెకు నాయిన ఒక్కసారిగా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బొచ్చులో పల్లేరుకాయ ఉంది. చూపుడువేలి కొసన రక్తపు చుక్క.

నొప్పి పుట్టిందా అని అరిచినంత పని చేశాను. తండ్రికి ముల్లు దిగితే అంత సంబరపడ్డ కూతురు మా ఊళ్లో ఇంకొకతె ఉండదు. ఆయన బొచ్చులోంచి పల్లేరుకాయ పీకి నా చేతిలో పెట్టి, వేలు చాపాడు.

"ఇంకోపారి గుచ్చు బిడ్డా. నిజమే అయితే మందను అంగడికి తోలను."