బాగేపల్లి మీదికొస్తే వినిపించే మూలుగు

2006లో నేను బెంగళూరులోని ఒక ప్రైవేటు హ్యాంగర్‌లో ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేసేదాన్ని. విమానం ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టే ఉద్యోగం. సొంతూరు బాగేపల్లి. మా దగ్గరికి ఎక్కువగా ఒకే కంపెనీ తయారుచేసిన, ఒకే మోడల్ కుటుంబానికి చెందిన చిన్న బిజినెస్ జెట్లు వచ్చేవి. దశాబ్దాలుగా పేరు అదే, పక్కన అంకె మాత్రం మారుతూ వచ్చింది. మొదటిది పొట్టిది, చెవులు చిల్లులు పడే మోత. తర్వాతి తరాల్లో ఒళ్లు సాగింది, మోత తక్కువ ఇంజన్లు వచ్చాయి, రెక్కలు పెరిగాయి, ముళ్ల మీటర్ల చోట తెరలు వచ్చాయి.

అందులో చివరి తరం విమానం ఒకటి, కొన్నేళ్లు ఎగిరినది, ఒక ఫిర్యాదుతో వచ్చింది. హైదరాబాదు పోయేటప్పుడు బాగేపల్లి కొండల మీదికి రాగానే క్యాబిన్‌లో ఆడమనిషి మూలిగినట్టు వినిపిస్తోందని పైలట్ చెప్పాడు. ప్రతిసారీ అక్కడే. ముందు సీట్లో కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదట.

బెంగళూరులో లేచిన విమానం, క్యాబిన్ లోపలికీ బయటికీ గాలి ఒత్తిడి తేడా బాగా పెరిగే ఎత్తుకు చేరేది అక్కడేనని నాకు తెలుసు. అందుకే నేల మీదే ప్రెషరైజేషన్ టెస్ట్ పెట్టాం. అంటే ఆకాశంలో ఉన్నట్టు క్యాబిన్‌లోకి గాలి నింపడం. ఇంజన్లు ఆపేసి ఉన్నాయి. లోపల నేనొక్కదాన్నే. టెస్టు మీటరు ముల్లు పైకి పోయేకొద్దీ మూలుగు సన్నగా మొదలైంది, ఏడుపు బిగబట్టుకున్నట్టు. ముందుకు పోతే వెనకనుంచి వచ్చినట్టుండేది, వెనక్కి పోతే ముందునుంచి. ఖాళీ సీట్ల మధ్య నిలబడి దాన్ని చిన్న టేప్‌రికార్డర్‌లో పట్టాను.

తలుపు రబ్బరు మార్చినా ఆగలేదు. గాలి కారడం పరిమితిలోనే ఉంది కాబట్టి ‘నో ఫాల్ట్ ఫౌండ్’, లోపమేదీ కనబడలేదు అని రాసి సోమవారం పంపేయమన్నాడు మేనేజరు. అలా రాసే ముందు ఆదివారం వరకు గడువు అడిగాను.

మా పిన్నమ్మవాళ్ల ఊరు మండికల్‌లో వెంకటరమణప్ప ఉండేవాడు. గల్ఫ్‌లో ఈ మోడల్ కుటుంబపు మొదటి విమానాల మీద మెకానిక్కుగా చేసి వచ్చిన మనిషి. అప్పటికి చూపు పోయింది. ఆదివారం పోయి ఆయనకు టేపు పెట్టాను. అది పూర్తికాకముందే లేచి, గోడ తడుముకుంటూ పోయి, తన ఇంటి వాకిలి పైమూలన అరచెయ్యి ఆనించాడు.

“ఈడ చూసినారామ్మా?”

ఇది కొత్త మోడల్, అన్నీ మారిపోయాయని చెప్పాను.

“రెక్క మార్చినారు, ఇంజను మార్చినారు. తలుపు చట్రం మార్చినారా?”

డ్రాయింగులు చూడలేదన్నాను. అప్పుడు చెప్పాడు. గల్ఫ్‌లో ఇదే మూలుగు విని, వెతికి, ఏమీ లేదని ఆయనే సంతకం పెట్టాడట. మూడు వారాలకు గాల్లో ఆ మూల రేకు చీలింది. పక్కన కూర్చున్నది ఆయన గదిలో ఉండే తోటి మెకానిక్కు. బతకలేదు.

“ఆ పొద్దు నించీ ఆ మూలుగు నా చెవిలోనే ఉండాది. ఈ పొద్దు నువ్వు రాకముందే ఎక్కువైందమ్మా, తెల్లారినప్పటి నించీ,” అన్నాడు.

సోమవారం పొద్దున్నే, విమానం పంపకముందే డ్రాయింగులు తీశాను. తలుపు చట్రం పార్ట్ నంబరు మొదటి మోడల్ నాటిదే. చిన్న సవరణకు గుర్తుగా చివర ఒక అక్షరం మాత్రం చేరింది. లోపలి పలకలు విప్పి, కంటికి కనబడని పగుళ్లను కరెంటుతో పట్టే ఎడ్డీ కరెంట్ టెస్ట్ చేశాం. ఆయన చెయ్యి ఆనించి చూపిన మూలలోనే మీటరు ముల్లు ఎగిరింది. అతుకు రేకు కింద నా చిటికెన వేలంత పగులు. లోపల ఒత్తిడి పెరిగి అది విచ్చుకుంటే, అందులోంచి గాలి దూరిపోయే చప్పుడే ఆ మూలుగు. విమానాన్ని ఆపేశాం.

రిపేరు తర్వాత క్యాబిన్ నిశ్శబ్దంగా ఉంది. ఆ మాట చెప్పడానికి మండికల్ పోయాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. ఇంకా ఏదో వినిపిస్తున్నట్టు తల పక్కకు వంచాడు.

“ఇట్లాటివి ఇంగా ఎన్ని ఎగురుతాండాయమ్మా?” అన్నాడు.

బెంగళూరు వచ్చిన వెంటనే ఆ విమానాల ఫ్యాక్టరీకి రాశాను. వాళ్లు మిగతా విమానాల్లోనూ వెతికించారు. ఇంకో రెండింటిలో అదే మూలన పగుళ్లు దొరికాయి. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా అందరూ ఏమేం మారాయో చెబుతారు. నేను డ్రాయింగులు ముందేసుకుని, మారనివి ఏవో వెతుకుతాను.