పవత్తు పోయిన జీడిపప్పు

అరుణశ్రీకి జరిగిన అన్యాయం చూడ్డానికి చిన్నది. ఒక్క పవత్తంత.

విజయనగరంలో వెబ్‌సైట్లు తయారుచేసే ఒక ఆఫీసులో తను పనిచేసేది. జీడిపప్పు వ్యాపారి ఒకాయనకు తెలుగులో సైటు కట్టింది. ఆయన ఆఫీసుకొచ్చి, తన ఫోన్లో సైటు తెరిచి, పెద్దక్షరాల్లో ఉన్న పేరు చదివాడు. "జీడిపపు." మళ్ళీ చదివాడు. "పపు ఏటండి బాబూ? నేనేటి అమ్ముతన్నానో మీకు తెలుసా?"

యజమాని నరసింగరావు అరుణశ్రీని అందరి ముందూ నిలబెట్టాడు. తన కంప్యూటర్లో పప్పు పప్పులాగే ఉందని ఆమె చూపించబోయింది. అతను అటు తల కూడా తిప్పలేదు.

"సేపల బుట్ట కాడ్నుంచి తెచ్చి కుర్సీలో కూకోబెడితే ఇలాగే ఉంటాది. పప్పుకి వత్తు పెట్టడం రాదు గానీ తెలుగు సైట్లంట! రేపట్నుంచి రాకు."

ఆమె వెళ్ళిపోయాక ఇంకొకడు దిద్దాడు. అప్పుడూ పపే. చివరికి అక్కడ ఇంగ్లీషు అక్షరాలు పెట్టి చేతులు దులుపుకున్నారు. మనవాళ్ళకి తెలిసిన మరమ్మతు అదొక్కటే. తప్పు ఆమెది కాదని తెలిశాక కూడా ఒక్కడూ కబురు పెట్టలేదు.

మా ఊరు సముద్రం ఒడ్డున ఉంది. అరుణశ్రీ ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే. వాళ్ళమ్మ తవిటమ్మ చేపలమ్ముతుంది. డిగ్రీ అయ్యాక ఈ పిల్ల, పడవల నీడన కూర్చుని వీడియోలు చూసి పని నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. అందుకే కాబోలు, తనకు రాదని ఒకడు గట్టిగా అనేసరికి నమ్మేసింది. ఆ తర్వాత వత్తున్న మాట రాయాలంటే వేళ్ళు ఆగిపోయేవి. చెల్లెలికి "అన్నం తిన్నావా" అని మెసేజ్ పెట్టడం మానేసి "భోజనం అయిందా" అని పెట్టేది. "పెళ్ళోరిలాగ భోజనమేటే?" అని ఆ పిల్ల నవ్వేది.

అలాంటి సమయంలో లక్ష్మీనరసింహం మాస్టారి సంగీత పాఠశాల సైటు పని వచ్చింది. మాస్టారి కూతురు మహతి డిగ్రీలో అరుణశ్రీకి స్నేహితురాలు. ఆమె పట్టుబట్టి ఇప్పించింది. సాయంత్రం పాఠశాలలో సభ పెట్టి సైటు మొదలుపెడతారనగా, ఆ ఉదయం అరుణశ్రీ గోడ మీంచి కేకేసింది.

"ఒరే బాబీ! నీ ఫోనిలాతే!"

నా ఫోన్లో మాస్టారి పేరు "లక్షీనరసింహం" అని వచ్చింది. మవత్తు లేదు. ఆమె కంప్యూటర్లో ఉంది. అరుణశ్రీ రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఇది కూడా పోయిందంటే ఈ జిల్లాలో నాకింకెవరూ తెలుగు పని ఇవ్వరురా. బుట్టెత్తుకోడమే."

జీడిపప్పు సైటూ, ఈ సైటూ ఆమె కట్టింది ఒకే థీమ్ బిల్డర్‌తో. అది ముందే కుట్టి ఉంచిన చొక్కా లాంటిది. తల, చేతులు దూర్చే చోట్లుంటాయి. మన ఒంటికి తగ్గట్టు లాగి సర్దుకోవాలి. ఎక్కడ పిగిలిందో మాత్రం చొక్కా చెప్పదు. ఆమె అక్షరాల రూపం మార్చింది. లాభం లేదు. పేజీ మళ్ళీ భద్రపరిచింది. లాభం లేదు. పక్కన తగిలించిన ప్లగిన్లన్నీ ఒక్కొక్కటే ఆపుతూ వచ్చింది. నేను ప్రతిసారీ ఫోన్లో చూసి "లేదే" అనేవాణ్ణి. పేరు పొడుగైనందుకే ఇలా అవుతోందేమోనని, మాస్టారి పేరు తీసి, నోటికి దగ్గరగా ఉన్న పొట్టి పేరు కొట్టింది. తవిటమ్మ.

అరుగు మీద చేపలు కోస్తున్న తవిటమ్మ నా చేతిలో ఫోన్ వైపు తొంగి చూసింది. డ్వాక్రా సంతకం కోసం నేర్చుకున్న పేరు తప్ప ఆమెకు చదువు లేదు.

"ఒసే, నా పేరే కదే! సివర్న మ కింద పిల్ల మ ఉండాల. ఏదే అది?"

"నేనే రాయలేదేమోనే అమ్మా. నాకు వత్తులు రావంట కదా."

"రాయకపోడమేటి? ఇదుగో, కొస కనిపిస్తన్నాది. ఎవుడో మొండికత్తితో కోసేసినాడు. పుల్లుగా కొయ్యడం కూడా రాదు ఎదవకి."

అరుణశ్రీ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. పేరును రెండువేళ్ళతో పెద్దది చేసింది. నిజమే. మ కింద చీమ తలంత గీత మిగిలి ఉంది. రాయకపోతే అది కూడా ఉండదు!

"కోసేసిందిరా! రాసిందాన్ని కోసేసింది!" అని అరుగు దిగి గంతేసింది. బుట్ట దగ్గరి పిల్లి పారిపోయింది.

ఇక చేతులు ఆగలేదు. ఆ థీమ్‌లో ఫోన్ కోసం విడిగా ఒక కొలత ఉంది. వరస ఎత్తు బాగా కుదించి ఉంది. ఇంగ్లీషు అక్షరాలకి అది చాలు. మన అక్షరాలకి కింద కూడా కాపురముంటుందని ఆ కొలత పెట్టినవాడికి ఎవరు చెప్పారు? ఆమె వరస ఎత్తు పెంచింది. సగం వత్తు కనిపించింది. "ఇంకా ఉన్నాదే, ఇంకా ఉన్నాదే" అని నేను అరుస్తున్నాను. గడి దాటిన ముక్కను దాచెయ్యమనే మీట ఒకటి దొరికింది. దాన్ని ఆపింది. తవిటమ్మ పేరు కింద పిల్ల మ పూర్తిగా వచ్చి కూర్చుంది.

"అదీ నా పేరు," అంది తవిటమ్మ, చేపల చేత్తోనే ఫోన్ పట్టుకోబోతూ.

మాస్టారి పేరు మళ్ళీ పెట్టి, పూసపాటిరేగ మీదుగా బస్సులో ఊగుతూ విజయనగరం వెళ్ళాం. దారంతా ఆమె పక్కవాళ్ళ ఫోన్లడిగి మరీ సైటు తెరిపించింది. పాఠశాల నిండా జనం. పిల్లలు తంబురా సరిచేస్తున్నారు. మాస్టారు తన ఫోన్ తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, ఆగారు.

"అమ్మాయీ, నా పేరులో మకారం లోపించినట్టుందే?"

నేనెప్పుడూ వినని నరసింగరావు గొంతు నాకు వినిపించినట్టయింది. అరుణశ్రీ మాత్రం నడుచుకుంటూ వేదిక దాకా వెళ్ళింది.

"నేను సరిగ్గానే రాసేనండి మాస్టారూ. పొద్దున సూసిన పాత పేజీని మీ ఫోన్ దాసుకున్నాది. ఒకసారి ఇలా ఇవ్వండి."

దాచుకున్నది తుడిచి, మళ్ళీ తెరిచి ఇచ్చింది. ఆయన తన పేరు పైకే చదివారు. హాల్లో అందరి ఫోన్లలోనూ అదే పేరు, నిండుగా.

ఇప్పుడు ఆమెకు ఊపిరి సలపనంత తెలుగు పని. మొన్న విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర కనిపించింది. నరసింగరావు ఆఫీసుకు ఫోన్ చేసి, ఏ కొలత మార్చాలో, ఏ మీట ఆపాలో చెప్పిందట. జీడిపప్పు పేరు మళ్ళీ తెలుగులోకి వచ్చిందట. నాకు ఒళ్ళు మండిపోయింది. అలాంటివాడికి ఎందుకు చెప్పావని అడిగాను.

ఆమె పకపకా నవ్వి, ఆటో ఎక్కుతూ అంది:

"ఆడు ఎలా పోతే నాకేటిరా? ఆ పప్పు నేను రాసిందిరా!"