పిన్ని దిగని స్టేషన్

పోయిన ఆదివారం పొద్దున ప్లెయిన్స్‌బరో నుంచి బాబాయి ఫోన్ చేశాడు. "మీ పిన్ని వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. ఆస్పత్రి ల్యాబ్‌లో ఇన్నేళ్ళు ఊరందరి రక్తం పరీక్షించిన మనిషిని చివరికి రక్తంలో జబ్బే తీసుకుపోయింది.

ఫ్యూనరల్ హోమ్‌లో బాబాయి వాళ్ళ అన్నయ్య లేచి మాట్లాడారు. ఆయన డాక్టరు. పిన్నికి బావగారు. "మా మరదలు ఓర్పుకి మారుపేరు. ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. షి ఫర్‌గేవ్ ఎవ్రీవన్" అన్నారు. నా ఒళ్ళు మండిపోయింది. చచ్చిపోయిన మనిషికి బదులు చెప్పుకునే వీల్లేదని ఆయన ధీమా. అందుకే ఇది రాస్తున్నాను.

యూరప్ ప్రయాణం పెట్టుకున్న తెలుగువాళ్ళు ముందు పిన్నికే ఫోన్ చేసేవాళ్ళు. నిలబడే మాట్లాడేది, కాఫీ గ్లాసుకి పేపర్ నాప్‌కిన్ చుట్టుకుని. "పాస్‌పోర్ట్ గడువు చూశారా? రిటర్న్ టికెట్ సూట్‌కేస్‌లో పెట్టకండి, హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంచుకోండి. ఎవరి మాటా నమ్మొద్దు, నా మాట కూడా. కాన్సులేట్‌కి కాల్ చేసి అడగండి." ఇంత పట్టుదల ఆమెకెక్కడిదో చాలామందికి తెలియదు.

నేను అమెరికా రాకముందు, డెబ్బైల చివర్లో, పిన్నీ, బాబాయీ, బావగారూ ఇండియా వెళ్తూ దారిలో స్విట్జర్లాండ్ చూద్దామనుకున్నారు. అన్నదమ్ములవి అమెరికన్ పాస్‌పోర్ట్‌లు, వీసా అక్కర్లేదు. పిన్నిది ఇండియన్ పాస్‌పోర్ట్. "నాకు వీసా కావాలేమో కనుక్కోండి" అందట. "గ్రీన్ కార్డ్ ఉందిగా, చాలు. నాకు తెలీదా?" అన్నారట బావగారు. బొంబాయి దాకా టికెట్ ఉంది కాబట్టి న్యూయార్క్‌లో విమానం ఎక్కనిచ్చారు. స్విట్జర్లాండ్‌లో దిగాక ఆమెను ఆపేశారు.

"హోటల్ బుక్ చేసేశాం. ఒక్కరి కోసం అందరం పాడు చేసుకోవడం దేనికి? నువ్వు బొంబాయి ఫ్లైట్ దొరికేదాకా ఇక్కడ కూర్చో" అన్నారట ఆయన. బాబాయి తన బూట్లు చూసుకున్నాడట. తర్వాత అన్న వెనకే వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం దాకా ఆమె ఒక్కతే ట్రాన్సిట్‌లో బెంచీ మీద కూర్చుంది. వారం తర్వాత అన్నదమ్ములు ఇండియా వచ్చి, చాక్లెట్లు ఆమె చేతిలో పెట్టారు.

అంతటితో ఆగినా బావుండేది. ప్రతి పార్టీలోనూ బావగారు అదే జోకు వేసేవారు: "మేం ఆల్ప్స్ చూశాం, మా మరదలు బెంచీ చూసింది!" అందరూ నవ్వేవారు. పిన్ని కూడా నవ్వుతూ ఆయనకి మారు వడ్డించేది. ఆయన ఓర్పనుకున్నది ఆ నవ్వునే. వంటింట్లోకి వచ్చాక ఆమె ముఖం నేను చూశాను. "నవ్వనీ. నవ్వే నోటికి ఆకలెక్కువ, ఏది పెట్టినా తింటుంది" అంది ఓసారి.

అర్హత రాగానే పిన్ని అమెరికన్ సిటిజన్‌షిప్ తీసుకుంది. ఆ పార్టీల జోకు మాత్రం ఆగలేదు.

కొన్నేళ్ళకు ప్యారిస్‌లో బాంబులు పేలాయి. ఫ్రాన్స్ వీసా నిబంధన పెట్టింది, అమెరికన్లకు కూడా. ఆ తర్వాతి వేసవిలో స్విట్జర్లాండ్ వెళ్ళి అక్కణ్ణుంచి రైల్లో ప్యారిస్ చూద్దామని పిన్నే ప్లాన్ చేసింది. నన్నూ రమ్మంది. నేనప్పుడు స్టూడెంట్‌ని, నా ఇండియన్ పాస్‌పోర్ట్‌కి రెండు దేశాల వీసాలూ తీయించింది. తనకి ఫ్రాన్స్ వీసా తీసుకుంది. బాబాయికీ, బావగారికీ తీసుకోలేదు, చెప్పనూ లేదు.

బయల్దేరే ముందు భోజనాల దగ్గర బావగారే అన్నారు: "అమెరికన్ పాస్‌పోర్ట్ చూస్తే యూరప్‌లో ఎవడాపుతాడు?" పిన్ని ఆయనకి ఇంకాస్త సాంబారు పోసింది.

ప్యారిస్ రైలు సరిహద్దు స్టేషన్లో ఆగగానే ఫ్రెంచ్ పోలీసులు పెట్టెలోకి వచ్చారు. నా కాగితాలు చూసి ఇచ్చేశారు. పిన్నివి చూసి ఇచ్చేశారు. అన్నదమ్ముల పాస్‌పోర్ట్‌లు అటూ ఇటూ తిరగేసి దిగమన్నారు. బావగారు గొంతు పెంచారు. "వి ఆర్ అమెరికన్స్!" అన్నారు. పోలీసు ఆయన సూట్‌కేస్ కిందికి దించాడు.

"నీకు తెలుసా?" అన్నాడు బాబాయి.

"తెలుసు."

"చెప్పలేదేం?"

"హోటల్ బుక్ చేసేశాం" అంది పిన్ని. "ఒక్కరి కోసం అందరం పాడు చేసుకోవడం దేనికి? మీరిద్దరున్నారుగా. అప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్నాను."

బావగారు ఎర్రబడిపోయారు. బాబాయి అన్న వెనకే దిగిపోయాడు, అప్పటిలాగే. మళ్ళీ ఏ పార్టీలోనూ ఆ జోకు వినబడలేదు. బాబాయి ఆమెతో నెలల తరబడి మాట్లాడలేదు. "ఇల్లు ప్రశాంతంగా ఉందే" అని నాకు ఫోన్‌లో చెప్పింది.

పిన్ని జబ్బు పడ్డాక బాబాయే అన్నీ చూసుకున్నాడు. అన్నం కలిపి పెట్టాడు, తల దువ్వాడు. ఆ మాట ఒప్పుకోవాలి. ఓ మధ్యాహ్నం నేనున్నప్పుడే అడిగాడు: "ఎయిర్‌పోర్ట్‌లో నిన్ను వదిలేసినందుకు క్షమించావా?"

"లేదండీ. ఆ దుప్పటి కాళ్ళ మీదికి లాగండి" అంది పిన్ని. ఆయన లాగాడు.

బావగారూ, ఆమె ఎవర్నీ క్షమించలేదు. పాడె మీద కూడా ఆమెను ఓర్చుకునేలా చేయకండి.

నా కళ్ళలో మిగిలింది ఆ రైలే. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు మగవాళ్ళూ సూట్‌కేసుల మధ్య చిన్నబోయి వెనక్కి జరిగిపోయారు. పిన్ని చెప్పులు విడిచి, ఎదురుగా ఖాళీ అయిన బావగారి సీటు మీద కాళ్ళు బార్లా చాపింది. నలుగురికని కట్టిన పులిహోర పొట్లం ఒళ్ళో విప్పింది. కిటికీలోంచి పచ్చటి పొలాలు పరిగెడుతుంటే, వేళ్ళకంటిన పసుపు చూసుకుంటూ, మెతుకు మెతుకూ నెమ్మదిగా తింది.